పాఠం 14: మందుల శోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు

14.1 పరిచయం

మీరు భిలాయిలో ఉంటున్నారనుకోండి. మీ తాతగారో, నాన్నగారో ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచో, విజయనగరం వైపు నుంచో వచ్చి ఇక్కడే స్థిరపడి ఉంటారు. ఊరి శివారులో మీకు తెలిసిన ఒకాయన పందులు పెంచుతున్నారు. తల్లి పంది ఈని నాలుగు రోజులైంది. పది పిల్లలు పుట్టాయి. ఒక రోజు ఉదయం చూస్తే రెండు పిల్లలు పాలు తాగడం లేదు. వాటి తోక కింద తడిగా ఉంది. పసుపు పచ్చని నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. మధ్యాహ్నానికి మరో మూడింటికి అదే జబ్బు పట్టుకుంది.

ఆయన మందుల దుకాణానికి పరుగెత్తారు. టెట్రాసైక్లిన్ బిళ్లలు తెచ్చి, పొడి చేసి, నీళ్లలో కలిపి తాగించారు. పోయిన ఈతలో ఈ మందుకే జబ్బు తగ్గింది. ఈసారి తగ్గలేదు. మూడవ రోజుకు నాలుగు పిల్లలు చనిపోయాయి. పిల్లలు ఎదిగాక అమ్మి అప్పు తీర్చాలనుకున్న మనిషికి అది చిన్న నష్టం కాదు. దుకాణంవాడు నకిలీ మందు ఇచ్చాడని ఆయన అనుమానం.

నిజానికి మందు మంచిదే. పిల్లల పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోగలుగుతున్నాయి. ఇలా ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం మనం భీమవరంలో పుట్టి, అమెరికాలో కన్నుమూసిన ఒక తెలుగువాని జీవితం చదవాలి. టెట్రాసైక్లిన్ కుటుంబంలోని మొదటి మందు ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే పుట్టింది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
– సూక్ష్మజీవులు మందులను ఎలా తట్టుకుంటాయో వివరించగలుగుతారు.
– పశువులకూ మనుషులకూ యాంటీబయాటిక్ మందులు వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు గుర్తించగలుగుతారు.

14.2 పరీక్ష తప్పిన విద్యార్థి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కుటుంబం పెద్దది. రాబడి చాలదు. చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెతికించి వెనక్కు రప్పించింది. ఆమె పట్టుదల వల్లనే ఆయన మళ్లీ బడి మెట్లు ఎక్కారు.

మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి ఉత్తీర్ణులయ్యారు. మీలో కొందరు ఏవో కారణాల వల్ల చదువు మధ్యలో ఆపి, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టి ఉంటారు. ప్రపంచం గుర్తించిన ఒక శాస్త్రవేత్త కూడా ఆ దారిలోనే నడిచారని తెలుసుకోండి.

ఆ ఇంటిని ఒక జబ్బు వెంటాడింది. దాని పేరు స్ప్రూ. ఉష్ణ ప్రాంతాలలో వచ్చే పేగుల జబ్బు ఇది. ఈ జబ్బులో విరేచనాలు ఆగకుండా అవుతాయి. తిన్న తిండి ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో ఈ జబ్బుకు బలి అయ్యారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ మందు ఏమిటో కనుక్కోవాలనే కోరిక సుబ్బారావు మనసులో నాటుకుంది.

14.3 ఖద్దరు కోటు

సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. డబ్బుకు ఇబ్బంది అయింది. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సహాయం చేశారు. తరువాత ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహం చేసుకున్నారు.

అవి గాంధీజీ విదేశీ వస్తువులను విడిచిపెట్టమని దేశానికి పిలుపు ఇచ్చిన రోజులు. సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన కోటు వేసుకొని శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. రాత పరీక్షలలో బాగా రాసినా, సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం కూడా దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

పై చదువుకు అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేసింది. మామగారు కూడా కొంత డబ్బు సమకూర్చారు. 1923 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరం చేరారు. భార్యను ఇక్కడే విడిచి వెళ్లారు. ఆ తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. త్వరలో తిరిగి రావాలనుకున్న సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు. శేషగిరి గారు ఆయనను మళ్లీ చూడలేదు. ఒక మనిషి సాధించిన విజయాల వెనుక, ఇంట్లో ఉండిపోయిన మరొక మనిషి చెల్లించిన మూల్యం ఎంతో ఈ విషయం మనకు గుర్తుచేస్తుంది.

14.4 బోస్టన్‌లో పరిశోధన

బోస్టన్‌లో సుబ్బారావు ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని కూడా అందులో ఉంది. పగలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఉష్ణ ప్రాంత వైద్యంలో డిప్లొమా పొంది, సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త వద్ద జీవరసాయన శాస్త్ర పరిశోధనలో చేరారు.

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. దానిని నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. 1927లో కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో ఏటీపీ అనే పదార్థం గురించి వారు వెల్లడించారు. మీరు బరువు ఎత్తినా, నడిచినా మీ కండరాలకు శక్తిని అందించేది ఏటీపీయే. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు డైరెక్టరు అయ్యారు. ఆ తరువాత ఎనిమిదేళ్లలో ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన మందులు కొన్ని చూడండి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్లలో ఇది ఉంటుంది. రెండవది బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్. దీనినే డి.ఇ.సి. అని పిలుస్తారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఇచ్చే బోదకాలు బిళ్ల ఇదే. మూడవది, పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌ను అదుపు చేయడానికి తొలిసారిగా ఉపయోగపడిన మందుల కుటుంబం. మెథోట్రెక్సేట్ ఈ కుటుంబంలోనిదే.

నాలుగవ దాని గురించి విడిగా తెలుసుకోవాలి.

14.5 బంగారు రంగు మందు

లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. ఆయన విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి రిటైరై, డెబ్బై ఏళ్లు దాటిన తరువాత ఇక్కడ చేరారు. నేలలో నివసించే సూక్ష్మజీవులలో కొన్ని, ఇతర సూక్ష్మజీవులను అణచివేసే పదార్థాలను విడుదల చేస్తాయి. అలాంటి వాటి కోసం డగ్గర్ అనేక చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి 1945లో దొరికింది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. శాస్త్రీయ నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. 1948లో దీనిని లోకానికి ప్రకటించారు.

పెన్సిలిన్‌కు లొంగని అనేక సూక్ష్మజీవులు దీనికి లొంగాయి. సూది అవసరం లేకుండా నోటితో మింగవచ్చు. తరువాత ఆక్సీటెట్రాసైక్లిన్, టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ ఈ కుటుంబంలో చేరాయి. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం వరుసలో నిలబడి తీసుకున్నది టెట్రాసైక్లిన్ మందునే.

ఒక విషయం గమనించండి. సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందులు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. చిన్ననాడు ఆయన కోరుకున్న మందులకు ఆయన ప్రయోగశాలలోనే దారి ఏర్పడింది.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. 1995లో, శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

పాఠ్యగత ప్రశ్నలు – 1
అ) సుబ్బారావు సోదరుల మరణానికి కారణమైన వ్యాధి ఏది?
ఆ) ఫిస్కే–సుబ్బారావు పద్ధతితో దేనిని కొలుస్తారు?
ఇ) ఆరియోమైసిన్‌ను ఇచ్చే సూక్ష్మజీవి ఎక్కడ దొరికింది?

14.6 మందు దాణాలోకి ఎలా వచ్చింది?

సుబ్బారావు మరణించిన కొద్ది నెలలకు అదే ప్రయోగశాలలో ఒక కొత్త సంగతి బయటపడింది. థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు కోడిపిల్లల ఎదుగుదలకు చవకైన ఆహారం కోసం వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిలో బి12 విటమిన్ ఉంటుంది. దానిని దాణాలో కలిపి పెట్టారు. విటమిన్ వల్ల రావలసిన దానికంటే కోడిపిల్లలు ఎక్కువ బరువు పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి మందే దీనికి కారణమని తేలింది. పంది పిల్లలలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. 1950లో ఈ విషయం ప్రకటించారు.

రైతులకు ఇది లాభసాటిగా కనిపించింది. తక్కువ దాణాతో ఎక్కువ బరువు వస్తుంది. ఇరుకు దొడ్లలో ఎక్కువ పిల్లలను ఉంచినా జబ్బులు తక్కువగా కనిపిస్తాయి. అందువల్ల జబ్బు లేని పశువులకు కూడా రోజూ కొద్ది కొద్దిగా యాంటీబయాటిక్ పెట్టడం అనేక దేశాలలో అలవాటైంది. జబ్బు నయం చేయడానికి పుట్టిన మందు తొట్టిలో ఉప్పు లాగా చేరిపోయింది. ఈ వాడకాన్ని చూడడానికి సుబ్బారావు బ్రతికి లేరు. కాబట్టి దీనికి ఆయనను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. కానీ ఒక మంచి మందు ఎలా బలహీనపడుతుందో తెలుసుకోవడం మన బాధ్యత.

14.7 సూక్ష్మజీవులు మందును ఎలా తట్టుకుంటాయి?

పంది పిల్లలకు పారుడు రావడానికి కారణాలు అనేకం. వాటిలో ఇ.కోలై అనే బ్యాక్టీరియా ముఖ్యమైనది. ఇ.కోలైలో చాలా రకాలు మన పేగుల్లో, పశువుల పేగుల్లో హాని చేయకుండా ఉంటాయి. కొన్ని రకాలకు మాత్రం సన్నని నూగు వంటి భాగాలు ఉంటాయి. వాటితో అవి చిన్న పేగు గోడను గట్టిగా పట్టుకుంటాయి. అక్కడ విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం వల్ల ఒంట్లోని నీరు, లవణాలు పేగులోకి ఊరి బయటికి పోతాయి. కిలో, కిలోన్నర బరువున్న పిల్ల ఒంటిలో నీరు ఎంత ఉంటుంది? అది పోగానే పిల్ల నీరసించి చనిపోతుంది. పుట్టిన మొదటి రోజుల్లోనూ, తల్లిపాలు మాన్పించిన వెంటనేనూ ఈ ప్రమాదం ఎక్కువ.

టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా లోపలికి వెళ్లి అది ప్రొటీన్లు తయారు చేసుకోకుండా అడ్డుకుంటుంది. ప్రొటీన్లు లేనిదే బ్యాక్టీరియా పెరగదు. అయితే కోట్ల బ్యాక్టీరియాలలో కొన్నింటికి మందును తట్టుకొనే శక్తి ఉంటుంది. వాటిలో కొన్ని, లోపలికి వచ్చిన మందును బయటికి తోడేస్తాయి. పడవలోకి వచ్చిన నీటిని చెంబుతో తోడిపోసినట్లు అనుకోండి.

మందు లేనప్పుడు ఇలాంటివి గుంపులో కొద్దిగానే ఉంటాయి. మందు వేసినప్పుడు మిగతావి అణగిపోతాయి. తట్టుకొన్నవి మిగులుతాయి. చోటు, తిండి అంతా వాటిదే. అనుకూల పరిస్థితులలో ఇ.కోలై దాదాపు 20 నిమిషాలకు ఒకసారి రెండింతలు అవుతుంది. ఈ లెక్కన ఒక్క బ్యాక్టీరియా ఆరు గంటలలో 2 లక్షల 62 వేలు దాటుతుంది. కలుపు తీయబోయి పైరును పీకి కలుపును మిగిల్చినట్లు అవుతుంది.

ఇంకో సంగతి ఉంది. తట్టుకొనే శక్తికి సంబంధించిన జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం వంటి భాగం మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా దానికి నకలు తీసి పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులను తట్టుకొనే జన్యువులు ఉండవచ్చు. అప్పుడు ఒక మందు వాడితే మిగతా మందులను తట్టుకొనేవి కూడా పెరుగుతాయి. జపాన్ శాస్త్రవేత్తలు 1950లలో జిగట విరేచనాల రోగులను పరీక్షిస్తూ ఈ సంగతి గుర్తించారు.

పశువులలో పెరిగినవి మనుషులకు వస్తాయా? ఈ ప్రశ్నకు సమాధానం సుబ్బారావు చదువుకున్న బోస్టన్ పరిసరాలలోనే దొరికింది. స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు ఒక చిన్న కోళ్ల ఫారంలో ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టించి గమనించారు. వారం రోజులలో కోళ్ల పేగుల్లో ఉన్నవన్నీ దాదాపుగా మందును తట్టుకొనేవే అయ్యాయి. ఐదారు నెలలలో ఆ ఫారంలో నివసించే మనుషులలో కూడా అలాంటి బ్యాక్టీరియా పెరిగింది. వారు ఆ మందు మింగలేదు. 1976లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

2015లో చైనా శాస్త్రవేత్తలు మరొక హెచ్చరిక చేశారు. ఏ మందూ పనిచేయని రోగికి చివరి ఆశగా ఇచ్చే కొలిస్టిన్‌ను తట్టుకొనే జన్యువు, ప్లాస్మిడ్ మీద, పందుల ఇ.కోలైలో కనిపించింది. మాంసంలోను, ఆసుపత్రి రోగులలోను కూడా అది ఉంది. 2019 జులైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ పెట్టడాన్ని స్వీడన్ 1986లోనే ఆపింది. ఐరోపా సమాఖ్య 2006 నుంచి పూర్తిగా నిషేధించింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017 నుంచి ఆపింది.

14.8 మీరు ఏం చేయవచ్చు?

మళ్లీ భిలాయి శివారుకు వద్దాం. ఆ పెంపకందారుకు మీరు ఏమని సలహా చెబుతారు?

మొదటిది, ముర్రుపాలు. పంది పిల్ల జబ్బులను ఎదిరించే శక్తి లేకుండా పుడుతుంది. ఆ శక్తి తల్లి ముర్రుపాల నుంచే రావాలి. ఒక రోజు దాటితే పేగు దానిని పీల్చుకోలేదు. కాబట్టి పుట్టిన కొద్ది గంటలలోనే ప్రతి పిల్లా పాలు తాగేలా చూడాలి. బలహీనమైన పిల్లను చేత్తో పట్టి రొమ్ముకు అందించాలి.

రెండవది, వెచ్చదనం, పొడితనం. మొదటి వారంలో పిల్లలకు 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం కావాలి. డిసెంబరు, జనవరి రాత్రులలో భిలాయి చలి మీకు తెలియనిది కాదు. పొడి గడ్డి పరచి, గాలి నేరుగా తగలకుండా గోనె పట్టాలు కట్టాలి. పేడ, మూత్రం రోజూ తీసివేయాలి. ఈనే ముందు దొడ్డిని కడిగి ఆరబెట్టాలి.

మూడవది, నీరు. పారుడు మొదలైన పిల్లను ముందుగా చంపేది నీటి నష్టమే. కాచి చల్లార్చిన నీటిలో కలిపిన ఓ.ఆర్.ఎస్. కొద్ది కొద్దిగా తాగించాలి.

నాలుగవది, పశువైద్యుని సలహా. దగ్గరలోని పశువైద్యశాలకు వెళ్లాలి. దుర్గ్ దగ్గర అంజోరాలో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఏ సూక్ష్మజీవి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని పేడ పరీక్షలో తెలుసుకోవచ్చు. పారుడు అన్నిసార్లూ బ్యాక్టీరియా వల్లనే రాదు. వైరస్ వల్ల వస్తే యాంటీబయాటిక్ దానిని నయం చేయలేదు. తల్లికి టీకా వేయించే వీలుంటే అడగాలి.

ఐదవది, మందు వాడవలసి వస్తే సరైన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. జబ్బు లేని పిల్లలకు ముందు జాగ్రత్త అంటూ కుడితిలో కలపకూడదు. మందు ఇచ్చాక ఎన్ని రోజుల వరకు జంతువును మాంసానికి అమ్మకూడదో అడిగి పాటించాలి. దొడ్డిలో పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ జాగ్రత్తలు మన ఇంటికీ వర్తిస్తాయి. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, పోయినసారి మిగిలిన బిళ్ల వేయడం మనలో చాలామందికి అలవాటు. అలా వేయకండి. ఓ.ఆర్.ఎస్. పట్టించి, వైద్యునికి చూపించండి.

మంచి మందు ఒకటి కనిపెట్టడానికి ఎందరో ఏళ్ల తరబడి శ్రమించాలి. అది పనిచేయకుండా పోవడానికి మన అజాగ్రత్త చాలు. ఇద్దరు సోదరులను విరేచనాల జబ్బుకు పోగొట్టుకున్న సుబ్బారావు తన జీవితమంతా మందుల కోసం ధారపోశారు. ఆ మందులు మన పిల్లలకూ పనిచేయాలంటే వాటిని పొదుపుగా వాడుకోవాలి.

14.9 మీరు నేర్చుకున్న అంశాలు

– రెండుసార్లు పరీక్ష తప్పినా సుబ్బారావు చదువు మానలేదు. హార్వర్డ్‌లోను, లెడర్లీలోను ఆయన పరిశోధనలు గొప్ప ఫలితాలు ఇచ్చాయి.
– టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు 1948లో లోకానికి తెలిసింది.
– 1950 నుంచి యాంటీబయాటిక్‌లు పశువుల దాణాలో చేరాయి. దానివల్ల మందును తట్టుకొనే బ్యాక్టీరియా పెరిగింది.
– ముర్రుపాలు, వెచ్చదనం, శుభ్రత, ఓ.ఆర్.ఎస్. పంది పిల్లల పారుడుకు మొదటి రక్షణ.

14.10 అభ్యాసం

1. మందు వేసిన తరువాత, దానిని తట్టుకొనే బ్యాక్టీరియా సంఖ్య ఎందుకు పెరుగుతుంది? మీ సొంత మాటల్లో రాయండి.
2. బోస్టన్ సమీపంలోని కోళ్ల ఫారం పరిశీలన మనకు ఏమి నేర్పుతుంది?
3. మీ ఇంట్లో మిగిలిపోయిన మందు బిళ్లలు ఏమున్నాయో చూడండి. వాటిని ఎవరి సలహాతో కొన్నారో, ఎందుకు మిగిలాయో ఇంట్లోవారిని అడిగి ఒక పేరా రాయండి.

పాఠ్యగత ప్రశ్నలు – 1కి సమాధానాలు: అ) స్ప్రూ ఆ) భాస్వరం ఇ) మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో